కాలువలు కట్టక మునుపే పెరటి తోట

గోదావరి డెల్టా గ్రామములలో మాఘమాసము మిక్కిలి పనిగల కాలము. దాళ్వా నాట్లు ముగిసి చేలు పచ్చబడుచుండును. ఎరువులు చల్లుట, కలుపు తీయుట, నీరు మళ్ళించుకొనుట అను పనులతో రైతునకును రైతుకూలీకిని ప్రొద్దు చాలదు. ఇంటి వెనుకనున్న నాలుగు గజముల నేలను గూర్చి ఆలోచించువారు ఆ దినములలో అరుదు. కోతలు, కుప్పలు ముగిసి తీరిక చిక్కునప్పటికి చైత్రము సగము గడచిపోవును. అప్పుడు విత్తనములు చేతబట్టి పెరటిలోనికి పోవుదుము. కాని అప్పటికి కాలువలు కట్టివేయు దినములు వచ్చియుండును. ఈ ఒక్క కారణము చేతనే మన ప్రాంతమున వేసవి పెరటి తోటలు అనేకము మొలకలతోనే ముగిసిపోవుచున్నవి.

ఇది మేము పుస్తకములు చూచి వ్రాయుచున్న మాట కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మధ్య డెల్టాలోని ఒక గ్రామమున మార్చి నెల చివరి వారమున సభ జరిపి, ఇంటింటికి కూరగాయ విత్తనముల పొట్లములు పంచిరి. మేమును ఆ సభలో పాల్గొని, పెరటి తోట వలన కలుగు లాభములను గూర్చి సుమారు అరగంట ఉపన్యసించితిమి. జూను మొదట ఆ గ్రామమునకు మరల పోవలసిన పని తటస్థించెను. తోటలు చూడవలెనను ఉత్సాహముతో ఒక వీధి వెంట నడచితిమి. ఎండిన బెండ మోళ్ళు, పందిరి లేని ఒకటి రెండు సొర తీగలు తప్ప మరేమియు కనిపించలేదు. ఒక ముసలమ్మ మమ్ము గుర్తుపట్టి, “ఇత్తనాలైతే ఇచ్చారండి. కాలవలు కట్టేత్తారని మీకు తెలవదాండీ?” అని అడిగెను. మా వద్ద జవాబు లేకపోయెను. ఈ వ్యాసము ఒక విధముగా ఆమెకు ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు.

కాలువ మన బ్రతుకునకు ఆధారమని వేరుగ చెప్పనక్కరలేదు. 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టయు, దాని స్థానమున 1982 నాటికి సిద్ధమైన సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజియు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు 10 లక్షల ఎకరములకు నీరిచ్చుచు వచ్చినవి. అయితే ఈ కాలువలు సంవత్సరము పొడుగునను పారునవి కావు. దాళ్వా పంట చేతికి వచ్చిన పిదప, సాధారణముగా ఏప్రిలు నెలలో, మరమ్మతులకును పూడికతీతకును వానిని కట్టివేసి, తొలకరికి మరల విడుదల చేయుదురు. ఆ నడుమ కాలమున గ్రామమునకు మిగులునది మంచినీటి చెరువు, కొన్ని బావులు, బోరులు మాత్రమే. సముద్ర తీరమునకు చేరువనున్న రాజోలు, నరసాపురము, మొగల్తూరు ప్రాంతములలో అనేక గ్రామముల బావి నీరు ఉప్పన. చేపల, రొయ్యల చెరువులు పెరిగినచోట్ల ఆ ఉప్పదనము మరింత హెచ్చినదని అక్కడివారు చెప్పుదురు. కనుక ఫిబ్రవరిలో దొరకు నీటిని చూచుకొని తోట వేసిన యెడల, మే నెలలో ఆ తోట మంచినీటి చెరువుపై పడును. అది జరుగరాదు. త్రాగు నీటికిని తోట నీటికిని పోటీ వచ్చిన గ్రామమున తోట ఓడిపోవుటయే న్యాయము.

మరి ఇంత ఇబ్బందిలో పెరటి తోట ఏల? చేలలో పండునది వరి. మన దేశమున 1960లో మొదట ఏడు జిల్లాలలో ప్రారంభించిన సాంద్ర వ్యవసాయ పథకమునకు ఎన్నుకొన్న వానిలో పశ్చిమ గోదావరి ఒకటి. వరి దిగుబడి పెంచుటలో మన రైతు సాధించినది సామాన్యము కాదు. కాని వరి గట్లు సన్నగిల్లిన కొలది గట్టుమీది కంది, ఆనప, గోంగూర కూడ సన్నగిల్లినవి. నేడు అన్నము మన చేలోనుండియు, కూర లారీలోనుండియు వచ్చుచున్నది. టమాటాలు మదనపల్లె నుండి వచ్చును. 2023 జూలైలో టమాటా ధర కిలో 100 రూపాయలు దాటినప్పుడు, పది ఎకరములు సాగుచేయు రైతు ఇంటను, కూలికి పోవు ఇంటను ఒకే విధముగా చారులో చింతపండుతోనే సరిపెట్టుకొనిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము, దినమునకు 2000 కాలరీల ఆహారము తీసుకొను మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిసి 400 గ్రాములు కావలెను. అయిదుగురు గల ఇంటికి రెండు కిలోలన్నమాట. వేసవిలో సంతకు పోయి దినమునకు రెండు కిలోల కూరలు కొనగల ఇండ్లు మీ వార్డులో ఎన్ని ఉన్నవో సభ్యులు తమలో తాము లెక్కించుకొనవచ్చును.

ఒక సెంటు తోట ఈ రెండు కిలోలను పూర్తిగ ఇచ్చునని మేము చెప్పము. అట్లు చెప్పుటయే ఇట్టి ఉద్యమములను పాడుచేసినది. వారములో నాలుగైదు పూటల కూరయు, ప్రతిదినము పిల్లల పప్పులో ఒక గుప్పెడు ఆకుకూరయు ఇచ్చినచో చాలును. దానికి చేయవలసినదంతయు ముందు చెప్పిన కాలువల లెక్కనుబట్టి వెనుకనుండి ముందునకు లెక్కించుకొనుటలో ఉన్నది.

కార్తెల లెక్క మన రైతులకు సుపరిచితమే. రోహిణి కార్తె మే 25 ప్రాంతమున ప్రవేశించును. ఆ ఎండలో ఏ మెత్తని మొక్కయు నిలువదు. నిలుపవలెనని ప్రయత్నించుట నీటి దండుగ. కావున తోట కాపంతయు ఉత్తరాభాద్ర మొదలు భరణి వరకు, అనగా మార్చి నడుమ నుండి మే మొదటి వారము వరకు చేతికి రావలెను. బెండ విత్తిన 45, 50 దినములకు కాయును. బీర, దోస, గోరుచిక్కుడు 50 నుండి 60 దినములు తీసుకొనును. సొరకును కాకరకును రెండు నెలలు పట్టును. వెనుకకు లెక్కించిన యెడల విత్తవలసిన అదను ధనిష్ఠ కార్తె, అనగా ఫిబ్రవరి 6 మొదలు 18 వరకు, అని తేలును. రథసప్తమి నాటికి నేల సిద్ధముగ నుండి, ఆ తరువాతి వారము విత్తనము పడిన ఇల్లు అదృష్టము చేసుకొన్నది. శతభిష చివర, అనగా మార్చి 3 వరకు తడబడినను కొంత ఫలము దక్కును. పూర్వాభాద్ర ప్రవేశించిన పిదప తీగ పాదులు పెట్టవద్దని మా సలహా. ఆ తరువాత ఆకుకూరలు, గోరుచిక్కుడు మాత్రమే.

తీగలను గూర్చి ఇంత పట్టుదలగ చెప్పుటకు మరియొక కారణము కలదు. బీర, సొర, కాకర, దోస, గుమ్మడి ఇవన్నియు మగపూలను, ఆడపూలను వేరువేరుగ పూయును. ఆడపువ్వు క్రింద చిన్న పిందె ఉండును; మగపువ్వు ఉత్త కాడపై నిలుచును. ఎండలు ముదిరి పగళ్ళు పెరిగిన కొలది మగపూలు హెచ్చి ఆడపూలు తగ్గును. ఆలస్యముగ విత్తినవారు “తీగ బాగుగ సాగినది, పూవు విరివిగ పూసినది, కాయ మాత్రము లేదు” అని చెప్పుదురు. దానికి దిష్టి కారణము కాదు. విత్తిన తేదీ కారణము.

ఇక నీటి లెక్క. ఒక సెంటు సుమారు 40 చదరపు మీటర్లు. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు నిలిచిన అది ఒక లీటరు. వేసవి పైరునకు దినమునకు 5 మిల్లీమీటర్లు చాలునని తక్కువగా వేసికొన్నను సెంటు నేలకు 200 లీటర్లు కావలెను. అయిదుగురు గల ఇంట స్నానమునకు మనిషికి ఒక బాల్చీ చొప్పున 75 నుండి 100 లీటర్లు, అంట్లకు మరి పాతిక లీటర్లు వాడుక అగుననుకొందము. అనగా ఇంటి వాడుక నీరు సగము సెంటునకు చక్కగా సరిపోవును. బాటలు వదలి, మొక్కల మొదళ్ళ వద్ద మాత్రమే తడిపి, పైన గడ్డి కప్పినచో సెంటు నేలను నడిపింపవచ్చును. అంతకు మించి వేయరాదు. పెరడు అయిదు సెంట్లు ఉన్నను వేసవిలో ఒక్క సెంటులోనే విత్తి, మిగిలినది తొలకరికి ఉంచుకొనుట వివేకము. పెద్ద తోట వేసి సగము ఎండబెట్టుకొన్న ఇంట మరుసటి సంవత్సరము ఎవ్వరును గునపము పట్టరు.

స్నానపు నీరు మొక్కలకు హాని చేయునేమో యని కొందరు సందేహింతురు. ఒంటి సబ్బు నీటివలన భయము లేదు. బట్టలు ఉతికిన సోడా నీటిని మాత్రము తోటలోనికి వదలరాదు. నల్లరేగడి నేలలలో అది మట్టిని బిగియజేసి చౌడు తెచ్చును. తూము వద్ద మూరెడు లోతు గుంట తీసి, అడుగున ఇటుక ముక్కలు, పైన ఇసుక పోసి, నీటిని దాని గుండ పోనిచ్చి వాడుకొనుట మేలు. తూము చెంతనే రెండు అరటి పిలకలు, ఒక కరివేప మొక్క, నాలుగు చేమ దుంపలు నాటిన యెడల మొదటి మురికిని అవియే త్రాగును. పచ్చిగా తిను కొత్తిమీరకును, నేలను తాకు ఆకుకూరలకును ఈ నీరు పైనుండి చల్లరాదు. వానికి మంచినీరు కొద్దిగా పోసినను చాలును. ఇల్లు తీరమునకు దగ్గరై బావి నీరు ఉప్పనైనచో చిక్కుడు జాతులను ఆశింపవద్దు. గంగపాయల కూర, పాలకూర కొంత ఉప్పును ఓర్చును.

నేలను సిద్ధపరచుటలో మన జిల్లాలలో ఒక ఊరివారి పద్ధతి మరియొక ఊరికి సరిపడదు. లంక గ్రామములలో వరద తెచ్చిన ఒండ్రు మెత్తగా ఉండును. త్రవ్వుట తేలిక, నీరు మాత్రము నిలువదు. లోపలి డెల్టాలో నల్లరేగడి. నీరు నిలుచును, ఎండకు నెఱ్ఱెలు విచ్చి వేళ్ళను తెంపును. కడియము ప్రాంతపు నర్సరీలవారు మొక్కల కొరకు ఒండ్రు, ఎరువు కలిపి మట్టిని తీర్చుకొనుట అందరును చూచినదే. దేశమున నలుమూలలకు పోవు పూలమొక్కలు ఆ కలిపిన మట్టిలోనే వేళ్ళూనుచున్నవి. రేగడి నేల గలవారు రెండు గంపల ఒండ్రు లేక ఇసుకకు ఒక గంప చివికిన పశువుల ఎరువు చొప్పున మడిలో కలుపవలెను. ఇసుక నేల గలవారు ఒండ్రును విడిచి ఎరువునే రెట్టింపు వేయవలెను. కోనసీమలో కొబ్బరి డొక్కలకు కొదువ లేదు. మడి అడుగున జానెడు లోతున డొక్కలను గిన్నెవలె నోరు పైకి వచ్చునట్లు పరచి, పైన మట్టి కప్పిన యెడల అవి నీటిని పట్టియుంచును. ఈ పని ఒకసారి చేసిన కొన్ని సంవత్సరముల వరకు ఉపకరించును.

వానకాలమున మళ్ళు ఎత్తుగా చేయుదుము. వేసవిలో పల్లముగా చేయవలెను. బాట ఎత్తు, మడి పల్లము. పోసిన నీరు మొక్క వద్దనే నిలుచును. మొలకలు జానెడు ఎదిగిన పిదప సార్వా గడ్డిని వామినుండి రెండు పరకలు తెచ్చి మొదళ్ళ చుట్టును కప్పవలెను. గడ్డి పశువులకు కావలెనని జంకువారు అరటి ఆకులు, కొబ్బరి మట్టలు చిదిపి వాడుకొనవచ్చును. కప్పిన మడికిని కప్పని మడికిని భేదమును సాయంకాలము వేలు గ్రుచ్చి చూచినచో తెలియును.

ఇక పైరుల మాట. వేసవి తోటకు రాణి బెండ. అయిదు చదరపు గజములలో నలుబది మొక్కలు పట్టును. గింజ గట్టిది గనుక ఒక రాత్రి నీటిలో నానవేసి, వరుసకు వరుసకు అడుగున్నర, మొక్కకు మొక్కకు ముప్పాతిక అడుగు ఎడముగ, గుంటకు రెండు గింజలు వేసి, తరువాత ఒకదానిని తీసివేయవలెను. కాయ లేతగా ఉన్నప్పుడే దినము విడిచి దినము కోయవలెను. ఒక కాయను ముదరనిచ్చిన యెడల మొక్క తన పని ముగిసినదని తలంచి కొత్త పూవు పూయుట తగ్గించును. బెండకు శత్రువు ఆకు ఈనెలు పసుపెక్కు పల్లాకు తెగులు. తెల్లదోమ దీనిని మొక్కనుండి మొక్కకు చేర్చును. ఒకప్పుడు ఢిల్లీ పరిశోధనాలయము నుండి వచ్చిన పూసా సవాని రకము దీనికి లొంగదని ఎంతో ప్రసిద్ధి పొందినది; కాలక్రమమున ఆ ఓర్పు పోయినది. నేడు ఇంకను ఆ పేరే అడిగి కొనువారున్నారు. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క అనామిక ఈ తెగులును మెరుగుగా తట్టుకొనును. తెగులు తగిలిన మొక్కకు మందు లేదు. పీకి పాతిపెట్టవలెను.

తీగ పాదులకు అడుగున్నర చదరమున, అంతే లోతున గోతులు తీసి, ఎరువు మట్టి నింపి, పాదునకు నాలుగైదు గింజలు వేసి, రెండు బలమైన మొక్కలను ఉంచవలెను. ఇంటికి బీర రెండు పాదులు, సొర ఒకటి, కాకర ఒకటి, దోస రెండు చాలును. సొరను ఇంటి చూరు మీదికిని, బీరను దడి మీదికిని ఎక్కించుట మన పెద్దలు ఎరిగిన పద్ధతియే. ఒక చిన్న విశేషము. దోస, కాకర, గుమ్మడి పూలు ఉదయము విచ్చును, తేనెటీగలు వచ్చి పని నెరవేర్చును. బీర, సొర పూలు సాయంకాలము విచ్చును. అప్పటికి ఈగలు గూటికి చేరుచుండును. పిందెలు పసుపెక్కి రాలుచున్నవని చింతించువారు, దీపాల వేళ విచ్చిన మగపూవును కోసి, రేకులు వెనుకకు మడచి, ఆడపూవు నడుమ మృదువుగ రుద్దవలెను. ఒక మగపూవు రెండు మూడు ఆడపూలకు చాలును. ఈ పనిని పిల్లలకు అప్పగించిన యెడల బడిలో చదివిన వృక్షశాస్త్రము వారికి మరపురాదు.

ఆకుకూరలకు అంత లెక్క అక్కరలేదు. తోటకూర గింజను ఇసుకతో కలిపి పలుచగా చల్లిన 25, 30 దినములలో కోతకు వచ్చును. పదునైదు దినములకు ఒక చిన్న మడి చొప్పున చల్లుకొనుచు పోయిన యెడల కొరత ఉండదు. గోంగూర తలలు త్రుంచిన కొలది ప్రక్కలకు చిగుర్చును. బచ్చలి కొమ్మ నీళ్ళ తొట్టి ప్రక్క గ్రుచ్చిన చాలు. కార్తికము నాటి వంగ మొక్కలు ఇంకను బ్రతికియున్నచో పీకివేయక మొదటికి జానెడు పైగా కత్తిరించి ఎరువు వేయుడు. మరల చిగుర్చి ఒక కాపు నిచ్చును. టమాటా మాట మాత్రము వేరు. రాత్రులు వేడెక్కిన పిదప దాని పూలు రాలిపోవును. ఫిబ్రవరిలో నారు పోయువారు మే నెలలో ఆకులను మాత్రమే చూతురు. టమాటా కోరువారు వచ్చే కార్తికము వరకు ఆగవలెను.

చిక్కుడును గూర్చి ప్రత్యేకముగ హెచ్చరింపవలసియున్నది. విత్తన పొట్లములలో చిక్కుడు గింజలు కూడ తరచుగ ఉండును. మన నాటు పందిరి చిక్కుడు పగళ్ళు కురుచయైన గాని పూయదు. మాఘములో విత్తినను తీగ వేసవి అంతయు నీరు త్రాగి, మరల సంక్రాంతి దగ్గరపడినప్పుడే కాయును. ఆ గింజలను దాచి, తొలకరిలో విత్తుట లాభము. వేసవిలో పప్పుజాతి కూర కావలెనన్నచో గోరుచిక్కుడు ఉన్నది. అది ఎండకు వెరవదు. కంద దుంపలను కూడ తొలకరికి ముందు, మే, జూను నెలలలో నాటుదురు. కొవ్వూరు ప్రాంతపు దుంపలనుండి ఎన్నిక చేసిన గజేంద్ర రకము నోటికి దురద పెట్టదు.

పురుగుల విషయమున ఒక మాట. 1950లు, 60లలో పల్లెలకు అందిన సలహాలలో డి.డి.టి. పొడిని కూరగాయలపై చల్లుడని నిస్సంకోచముగ చెప్పుచుండిరి. మన దేశమున వ్యవసాయమునకు దాని వాడుకను 1989లో నిషేధించిరి. ఎండోసల్ఫాను 2011లో నిలిచిపోయినది. నాటివారు చెడు తలంపుతో చెప్పలేదు. నాటికి తెలిసినది అంతే. కాని పెరటిలో కోసిన కాయ గంటలో కుండలో పడును గనుక, చేలో మిగిలిన మందును ఇంటికి తెచ్చి తోటపై చల్లు అలవాటును పూర్తిగ మానవలెను. పేనుబంకకు, తెల్లదోమకు వేపగింజల పొడి 50 గ్రాములను ఒక లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలము చల్లుట చాలును. గుమ్మడి పెంకు పురుగునకు ప్రొద్దున మంచు ఆరక ముందు బూడిద చల్లుదురు. కాయలో పురుగు పట్టిన బీర, కాకరలను నేలపై పారవేయక, లోతుగ పాతిపెట్టవలెను. లేనిచో పండు ఈగ అచటనే పెరిగి మరల తీగకు చేరును.

ఇంతవరకు ఇంటివారు చేయు పని. పంచాయతీ చేయవలసినది వేరుగ కలదు. అది లేక ఇంటివారి శ్రమ నిలువదు.

మొదటిది విత్తనము. గ్రామమంతటికి పంచుటకు తెప్పించిన విత్తనమును పంచుటకు ముందే పరీక్షించుట పంచాయతీ బాధ్యత. ప్రతి రకము నుండి 20 గింజలను తడిగుడ్డలో చుట్టి, ఆరనీయక అయిదారు దినములు ఉంచవలెను. పదునాలుగు కన్న తక్కువ మొలకెత్తిన రకమును త్రిప్పి పంపవలెను. ఈ పనికి ఒక గుడ్డ పీలిక తప్ప ఖర్చు లేదు. పొట్లములు జనవరి చివరకు గ్రామము చేరునట్లు డిసెంబరు సమావేశములోనే తీర్మానింపవలెను. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయము 2007లో ఏర్పడినది. రకముల ఎన్నికలో సందేహములున్న యెడల అచటి నిపుణులను అడుగవచ్చును.

రెండవది మురుగు. గోదావరి జిల్లాలు బోదకాలు వ్యాధికి చిరకాలముగ పేరుపడినవి. దానిని వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ ఇంటి ముందు నిలిచిన మురికి నీటిలోనే గ్రుడ్లు పెట్టును. వెచ్చని దినములలో ఇంచుమించు వారము, పది దినములలో గ్రుడ్డు దోమ అగును. స్నానపు నీరు వీధి కాలువలోనికి పోక పెరటి మడిలో ఇంకిపోయిన యెడల ఆ మేరకు దోమకు చోటు లేదు. వీధి కాలువ తీయించుటకు, మందు చల్లించుటకు పంచాయతీ వెచ్చించు సొమ్ములో కొంత, ఇంటింట తూము గుంట తీయించుటకు వెచ్చించినచో ఒకే పనితో రెండు ఫలములు దక్కును. తోట లేని ఇంట ఇంకుడు గుంటయైన ఉండవలెను.

మూడవది, పశువులు. కోతల పిదప పశువులను ఊరిమీద వదలుట మన ప్రాంతమున ఆచారము. కష్టించి పెంచిన బెండను ఒక మేక పది నిముషములలో ముగించును. అటుపై ఇరుగుపొరుగుల నడుమ తగవు. అది పంచాయతీ అరుగు ఎక్కును. బందెల దొడ్డి అనునది అనేక గ్రామములలో గోడలు కూలి ఉన్నది. దానిని బాగుచేసి, ఏప్రిలు, మే నెలలలో ప్రతిదినము తెరచియుంచవలెను. కోతులు చేరిన గ్రామములలో దడి సరిపోదు; అట్టిచోట నేలలో పెరుగు చేమ దుంపలకును, అవి అంతగా రుచిచూడని గోంగూరకును ప్రాధాన్యమిచ్చుట నయము.

చివరిది మిక్కిలి కష్టమైనది. పెరడు ఉన్నవారికి పెరటి తోటను గూర్చి చెప్పుట సులభము. సెంటున్నర స్థలములో ఇల్లు కట్టుకొన్నవారు, కాలువ గట్టుపై పాక వేసికొన్నవారు కూరలను అందరికన్న ఎక్కువ ధరకు, అందరికన్న తక్కువగ కొనుచున్నారు. వారికి చెప్పదగినవి: చూరు మీదికి ఒక సొర పాదు, పాత బాల్చీలో పుదీన, తూము వద్ద బచ్చలి. ఇది చాలదని మాకును తెలియును. పాఠశాల, అంగన్వాడీ ఆవరణలలో నేల ఉన్నచోట దానిని పిల్లల భోజనమునకు తోటగ వాడవచ్చును. కాని బడులకు వేసవి సెలవులు వచ్చినప్పుడు నీరు పోయునది ఎవరో ముందుగ పేరు పెట్టి నిర్ణయింపనిదే అచట వేసవి విత్తనము వేయవద్దు. ఆ పనిని పెరడు లేని రెండు మూడు కుటుంబములకు అప్పగించి, సెలవులలోని కాపంతయు వారికే చెందునట్లు తీర్మానము చేసిన యెడల నీరు పోయువారు కరవు కారు. ఇట్టి తీర్మానమునకు గ్రామసభలో కొందరు అభ్యంతరము చెప్పవచ్చును. సభ్యులు తమ వార్డులోని ఇండ్లకు ముందుగ పోయి మాట్లాడి రావలెను.

కాపు ముగియు వేళ, భరణి కార్తెలో, ప్రతి రకమునకు ఒక మంచి కాయను మొక్కపైననే ముదరనీయుడు. బీరకాయను తొక్కతోనే ఎండనిచ్చి వంటయింటి దూలమునకు వ్రేలాడదీయుట, దోస, కాకర గింజలను బూడిదతో కలిపి పిడకపై ఎండబెట్టుట మన ఇండ్లలో నేటికిని తెలిసిన పద్ధతులే. సంకర రకముల విత్తనము మాత్రము ఇట్లు దాచవద్దు. మరుసటి కాపున అది తల్లి గుణమును నిలుపుకొనదు. దాచిన గింజలపై రకము పేరును, సంవత్సరమును వ్రాసియుంచుడు. జూనులో కాలువలు వదలిన పిదప, దాచియుంచిన చిక్కుడు గింజలను తీసి, బీర పాదు పెట్టిన గోతిలోనే విత్తవచ్చును.